సీసా మీద ‘క్యూ’ ఉందా? ఒక్క నిమిషం ఆగండి!

‘హోమియోనే కదా డాక్టర్ గారూ, సైడ్ ఎఫెక్టులు ఉండవు కదా!’

ఓపీలో కూర్చుంటే ఈ మాట వినపడని రోజు ఉండదు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఇందులో సగం నిజముంది. మిగతా సగం తెలియకపోతే మాత్రం ఒక్కోసారి ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. ఆ మిగతా సగం గురించే ఈ వారం మాట్లాడుకుందాం.

లాల్‌దర్వాజా బోనాలకు రెండు రోజుల ముందు గౌలిపుర నుంచి ఒక పెద్దాయనను కూతురు ఆటోలో మా దగ్గరికి తీసుకొచ్చింది. రిటైరైన స్కూలు టీచర్, అరవై దాటాయి. పొద్దున మంచం దిగి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయారు. నాడి చూస్తే నిమిషానికి 44. బీపీ 90/60. ఏడెనిమిదేళ్లుగా ఆయన బీపీకి అటెనలాల్ మాత్ర వేసుకుంటున్నారు. అది నాడిని కాస్త తగ్గించే మాత్రే. కానీ ఇన్నేళ్లూ పడిన మాత్ర ఇప్పుడెందుకు పడలేదు?

‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా?’ అని అడిగాను. లేదన్నట్టు తల ఊపారు. కూతురు కాస్త తటపటాయించింది.

‘బాపు హోమియో చుక్కలు ఏసుకుంటడు సార్, బీపీకే. అవి ఏం చేస్తయని చెప్పలే.’

తర్వాత ఆమె చెప్పిన మాటలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. ‘ఇరవై రోజుల సంది ఎవరితోని సరిగ మాట్లాడుతలేడు సార్. ముక్కు దిబ్బడ అంటడు. మా అమ్మ పోయి ఏడాదైతుంది గదా, ఆ దిగులేమో అనుకున్నం.’

ఇంట్లో వెతికితే పాత అట్టపెట్టె దొరికింది. దాని మీద ‘రావుల్ఫియా సెర్పెంటైనా’ అని, పక్కనే ‘క్యూ’ అని ఉంది. అంటే మన సర్పగంధ. మొదటి సీసా సీలు వేసినదే, నాలుగైదు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా వాడారు. రెండోసారి మాత్రం పెద్ద సీసాలోంచి లూజుగా ఆ పాత సీసాలోనే పోయించుకొచ్చారు. ఇబ్బంది మొదలైంది ఆ తర్వాతే.

‘ఆ సీసా తీసుకురామ్మా, పరీక్షకు పంపుదాం’ అన్నాను. ఆమె తల దించుకుంది. ‘ఆ చుక్కలతోనే గిట్లైందని మీరనంగనే కోపంల మందంతా పారవోసి సీసా కడిగేసిన సార్.’

చుక్కలూ అటెనలాలూ రెండూ ఆపాం. నాలుగో రోజుకు నాడి 68కి వచ్చింది. బీపీకి వేరే మాత్ర రాసి పంపాం. మనిషి మళ్లీ మునుపటిలా మాట్లాడటానికి మాత్రం నెల పైనే పట్టింది. ఆ రెండో సీసాలో ఉన్నది సర్పగంధేనా, ఎంత గాఢతలో ఉంది, ఇంకేమైనా కలిసిందా అని తేల్చడానికి ఒక్క చుక్క కూడా మిగల్లేదు. ఇందులో నా తప్పూ ఉంది. ప్రతి నెలా మాత్రలు రాస్తూ ‘ఇంకే మందులు వాడుతున్నారు’ అని నేను అంతకుముందు ఒక్కసారీ అడగలేదు.

హోమియో మందులన్నీ ఒకటి కావు

మందు పేరు పక్కన ఉండే అంకె, అక్షరం చాలా ముఖ్యం. మొక్కను ఆల్కహాల్‌లో నానబెట్టి తీసే మొదటి సారాన్ని మదర్ టింక్చర్ అంటారు. దాని గుర్తు ఇంగ్లిష్ అక్షరం క్యూ. కొన్ని సీసాల మీద అడ్డగీత కొట్టిన సున్నా ఉంటుంది, లేదంటే ‘ఎంటీ’ అని ఉంటుంది. సాధారణంగా ఒక గ్రాము ఎండు మొక్క నుంచి పది మిల్లీలీటర్ల టింక్చర్ తయారవుతుంది. మొక్కలోని రసాయనాలు ఇందులోకి నిజంగా దిగుతాయి. వాసన, రంగు, చేదు అన్నీ తెలుస్తాయి.

దీన్ని పలుచన చేస్తూ పోతే పొటెన్సీలు వస్తాయి. ‘ఎక్స్’ అంటే ప్రతి మెట్టులో పదో వంతు, ‘సి’ అంటే ప్రతి మెట్టులో నూరో వంతు. 3 ఎక్స్‌లో మూల పదార్థం వెయ్యో వంతు ఉంటుంది. 6 ఎక్స్‌లో పది లక్షల్లో ఒక వంతు. 12 సి దాటితే మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. మనం తరచూ వినే 30, 200 పొటెన్సీలు దానికి చాలా అవతల ఉంటాయి.

అందుకే ‘సైడ్ ఎఫెక్టులు ఉండవు’ అన్న మాటను 30, 200 పొటెన్సీల విషయంలో కొంతవరకు ఒప్పుకోవచ్చు. అదీ మందు సక్రమంగా తయారై, అందులో ఇంకేమీ కలవకపోతేనే. క్యూకు, 1 ఎక్స్, 2 ఎక్స్, 3 ఎక్స్ లాంటి తక్కువ పొటెన్సీలకు ఆ మాట వర్తించదు. ముఖ్యంగా క్యూ అంటే మొక్కల మందే. మొక్కకు ఎంత బలం ఉందో దానికీ అంత బలం ఉంటుంది.

ఇరవై చుక్కల లెక్క

సర్పగంధ సంగతే చూడండి. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ ఈ వేరు బీపీని తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో శాస్త్రవేత్తలు దాని నుంచి రిసెర్పిన్ అనే రసాయనాన్ని వేరు చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు అది అల్లోపతిలో బీపీ మాత్రగా నడిచింది. అడెల్ఫేన్ అనే పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండవచ్చు, అందులో ఉన్నది ఇదే. నాడి పడిపోవడం, ముక్కు దిబ్బడ, కొందరిలో మనసు కుంగిపోవడం వంటి ఇబ్బందుల వల్ల, అంతకంటే మంచి మందులు రావడం వల్ల దాని వాడకం తగ్గిపోయింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక మి.లీ. టింక్చర్‌లో వంద మిల్లీగ్రాముల వేరు సారం ఉంటుంది. వేరులో రిసెర్పిన్ వర్గపు రసాయనాలు 0.15 శాతం ఉన్నాయనుకుంటే, అవన్నీ టింక్చర్‌లోకి దిగితే, మి.లీ.కి 0.15 మిల్లీగ్రాములు. రోజుకు మూడు పూటలా ఇరవై చుక్కలంటే మొత్తం అరవై చుక్కలు. ఆల్కహాల్ చుక్క నీటి చుక్క కంటే చిన్నది కాబట్టి సుమారు ఒకటిన్నర మి.లీ. అనుకోండి. అంటే రోజుకు దాదాపు 0.2 మిల్లీగ్రాములు. పాత రోజుల్లో మేం ఇచ్చిన రిసెర్పిన్ మాత్రలు 0.1, 0.25 మిల్లీగ్రాములే! గౌలిపుర పెద్దాయన తనకు తెలియకుండానే రెండు బీపీ మందులు వేసుకున్నారన్నమాట.

ఇంకో చిక్కుంది. మొక్క ఫ్యాక్టరీలో తయారయ్యే మాత్ర కాదు. నేల, కాలం, మొక్క వయసు, ఏ భాగం కోశారు, ఎలా ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి అందులోని రసాయనం మారుతుంది. కాబట్టి ఒక సీసాలో ఉన్నంత మందే ఇంకో సీసాలోనూ ఉంటుందని పరీక్ష చేయకుండా చెప్పలేం.

ఇంట్లో కనిపించే క్యూలు

షుగర్‌కు నేరేడు గింజల నుంచి తీసే సిజీజియం, పొడపత్రి నుంచి తీసే జిమ్నీమా, దొండ జాతి నుంచి తీసే సెఫలాండ్రా చాలా ఇళ్లలో కనిపిస్తాయి. షుగర్ మాత్రలకు ఇవి తోడైతే కొందరిలో షుగర్ మరీ పడిపోవచ్చు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అప్పటికే బీపీ ఉన్నవాళ్లకు అది మంచిది కాదు.

కొన్ని మొక్కలు పుట్టుకతోనే విషం. ముష్టి గింజల నుంచి తీసే నక్స్ వామికాలో స్ట్రిక్నిన్ ఉంటుంది. వత్సనాభి నుంచి తీసే అకోనైట్ గుండె లయను చెడగొట్టగలదు. ఉమ్మెత్త నుంచి తీసే స్ట్రమోనియంలో అట్రోపిన్ వర్గపు రసాయనాలు ఉంటాయి. ఇవి 30, 200 పొటెన్సీల్లో ఉండటం వేరు, క్యూగా ఇంట్లో ఉండటం వేరు. ఈ రెండో రకం సీసాలు పిల్లల చేతికి అందే చోట అసలు ఉండకూడదు.

ఆల్కహాల్ సంగతి కూడా మరవొద్దు. చాలా టింక్చర్లలో సగానికి పైగా ఆల్కహాలే. మద్యం మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడేవాళ్లకు కొన్ని చుక్కలు కూడా వాంతులు, గుండెదడ తెప్పించగలవు.

ల్యాబ్‌లో ఏం చూస్తారు?

సీసాలో ఏముందో ల్యాబ్‌లో తేలుస్తారు. ఆ పని మూడు మెట్లలో జరుగుతుంది.

మొదటిది, మొక్క అదేనా? మన కాలనీల్లో కాంపౌండ్ గోడల వెంట నిటారుగా పెరిగే చెట్టును అందరం అశోక చెట్టు అంటాం. కానీ వైద్యంలో వాడే అశోక అది కాదు. అసలు అశోక నారింజ రంగు పూలు పూసే వేరే చెట్టు, దాని బెరడు దొరకడం కష్టం. ఆడవాళ్ల నెలసరి ఇబ్బందులకు అమ్మే జానోసియా అశోక టింక్చర్‌కు అసలు చెట్టు బెరడు కావాలి. ముడి సరుకు బజారులో దాని బదులు నిటారు చెట్టు బెరడు కలుస్తుందన్నది పాత సమస్యే. ఎండిన బెరడు ముక్కలను కంటితో చూసి తేడా చెప్పడం కష్టం. మైక్రోస్కోప్ కింద కణాల అమరిక చూస్తే తెలిసిపోతుంది. సర్పగంధకూ ఇదే బెడద, దాని సోదర జాతి వేర్లు కలుస్తుంటాయి.

మొక్క మారితే ఏమవుతుందో బెల్జియం చూసింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల మందులో ఒక వేరు బదులు అరిస్టొలోకియా జాతి వేరు వచ్చి చేరింది. రెండింటి చైనా పేర్లు దగ్గరగా ఉంటాయి. వంద మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అది హోమియో మందు కాదు. కానీ హోమియోలోనూ అరిస్టొలోకియా టింక్చర్లు ఉన్నాయి. మన పల్లెల్లో పాము కాటుకు నూరిపోసే ఈశ్వరి కూడా ఆ జాతిదే.

రెండోది, సారం సరిగ్గా దిగిందా? ఆల్కహాల్ ఎంత శాతం ఉంది, ఆవిరి చేస్తే ఎంత ఘనపదార్థం మిగిలింది, సాంద్రత ఎంత, ఆమ్లగుణం ఎంత అని కొలుస్తారు. తర్వాత క్రోమటోగ్రఫీ. చిన్నప్పుడు బ్లాటింగ్ పేపర్ మీద సిరా చుక్క వేస్తే రంగులు విడిపోయి పాకేవి, గుర్తుందా? అదే సూత్రం. ప్రత్యేకమైన పలక మీద టింక్చర్ చుక్క వేసి ద్రావకంలో నిలబెడితే అందులోని రసాయనాలు వేర్వేరు ఎత్తుల్లో పట్టీలుగా విడిపోతాయి. మన వేలిముద్రలాగే ఒక్కో మొక్కకు ఒక్కో వరుస వస్తుంది. హెచ్‌పీఎల్‌సీ లాంటి యంత్రాలైతే అసలు రసాయనం ఎంత ఉందో కూడా కొలిచి చెబుతాయి.

మూడోది, ఉండకూడనివి ఉన్నాయా? సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు, పురుగుమందుల అవశేషాలు, బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్లు, క్రిములు ఉన్నాయేమో వెతుకుతారు. దొంగచాటుగా కలిపిన స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల కోసం కూడా పరీక్షించవచ్చు. ‘రెండే డోసులకు కీళ్ల నొప్పులు మాయం’ అని ఎవరైనా చెబితే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే.

పరీక్షలు బయటపెట్టిన నిజాలు

అమెరికాలో పసిపిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు ఇచ్చే హోమియో మాత్రలు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. వాటిలో బెల్లడోనా మొక్క ఉంటుంది. 2017 జనవరిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన ల్యాబ్ ఫలితాలు ప్రకటించింది. బెల్లడోనా రసాయనాలు మాత్రమాత్రకూ తేడాగా ఉన్నాయని, కొన్నింటిలో లేబుల్‌పై చెప్పినదాని కంటే చాలా ఎక్కువగా ఉన్నాయని తేలింది. పలుచన చేశామని లేబుల్ చెప్పినంత మాత్రాన సరిపోదని ఆ ఫలితాలు చూపించాయి.

మనకు దగ్గర్లో, కేరళ లివర్ వైద్యులు 2023లో ఒక నివేదిక ప్రచురించారు. హోమియో మందులు వాడాక లివర్ తీవ్రంగా దెబ్బతిన్న తొమ్మిది మంది రోగుల వివరాలవి. మందులను రసాయన పరీక్షకు పంపితే కొన్నింటిలో లేబుల్‌కు సంబంధం లేని పదార్థాలు, హెవీ మెటల్స్, స్టెరాయిడ్లు బయటపడ్డాయి. తొమ్మిది మందిని చూసి హోమియో మందులన్నీ ఇంతేనని అనకూడదు. అయితే ఆ వైద్యులు ఒక మంచి పని చేశారు. మందులను పారేయకుండా పరీక్షకు పంపారు. గౌలిపుర పెద్దాయన విషయంలో మాకు దక్కనిది ఆ అవకాశమే.

మన దేశంలో నియమాలున్నాయి

హోమియో మందులు కూడా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికే వస్తాయి. ఏ మందు ఎలా ఉండాలో చెప్పే హోమియోపతిక్ ఫార్మకోపియా ఆఫ్ ఇండియా తొలి సంపుటం 1971లో వచ్చింది. 1975లో ఘాజియాబాద్‌లో ఇందుకోసం ప్రత్యేక ల్యాబ్ ఏర్పాటైంది. కేంద్ర హోమియో పరిశోధన మండలికి మన హైదరాబాద్‌లోనే మందుల ప్రమాణీకరణ విభాగం ఉంది. మొక్కలను సూక్ష్మంగా పరిశీలించి, వాటి టింక్చర్ల రసాయన లక్షణాలు నమోదు చేయడం అక్కడి పని. నగరంలోని రామంతాపూర్‌లో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల కూడా ఉంది. చుక్కలు వాడాలనుకుంటే అర్హత ఉన్న హోమియో డాక్టర్‌కు చూపించుకుని వాడటం, పక్కింటివారి సలహాతో కొనుక్కోవడం ఒకటి కాదు.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. ఆ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, మీరు కొన్న మందు మీద అనుమానం వస్తే మీరే దరఖాస్తు చేసి, నిర్ణీత రుసుము కట్టి, ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకోవచ్చు. దానికి ఫారం 14-ఎ నింపాలి. నివేదిక మీ చేతికే ఇస్తారు. కాకపోతే బిల్లూ, మిగిలిన మందూ మీ దగ్గర ఉండాలి.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

* పొటెన్సీ చూడండి. క్యూ అని గానీ, 1 ఎక్స్ నుంచి 3 ఎక్స్ దాకా గానీ ఉంటే అది బలమైన మొక్కల మందేనని గుర్తుంచుకోండి.

* సీలు వేసిన సీసానే తీసుకోండి. లేబుల్ మీద హోమియోపతిక్ మెడిసిన్ అన్న మాట, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఆల్కహాల్ శాతం ఉండాలి. 12 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న మందును మామూలు కొనుగోలుదారుకు 30 మి.లీ. కంటే పెద్ద సీసాలో అమ్మకూడదన్నది నియమం.

* పాత సీసాలో లూజుగా పోయించుకోవద్దు. పేరు లేని పొట్లాలు, రాత లేని సీసాలు వద్దే వద్దు.

* బిల్లు దాచండి. మందు అయిపోయేదాకా అట్టపెట్టెనూ పారేయొద్దు.

* షుగర్, బీపీ, గుండె, మూర్ఛ, థైరాయిడ్ మందులను చుక్కల కోసం సొంతంగా ఆపొద్దు. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి ఉన్న అధ్యయనాలన్నీ పరిశీలించి, హోమియో పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ దొరకలేదని తేల్చింది. మీ నమ్మకం మీది. ఇన్సులిన్ మానేస్తే వచ్చే ప్రమాదం మాత్రం నమ్మకాన్ని చూసి ఆగదు.

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా క్యూ మందుల జోలికి వెళ్లొద్దు.

* ఆపరేషన్ ఉంటే వాడుతున్న చుక్కల సంగతి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి రండి

చుక్కలు వాడుతున్నప్పుడు కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, విపరీతమైన నీరసం, కళ్లు తిరిగి పడిపోవడం, నాడి మరీ నెమ్మదించడం లేదా దడ, మూత్రం తగ్గి ముఖం ఉబ్బడం కనిపిస్తే ఆగకండి. చంటిపిల్లలు మగతగా ఉన్నా, ఒళ్లు ఎర్రబడి కనుపాపలు పెద్దవైనా, ఫిట్స్ వచ్చినా క్షణం ఆలస్యం చేయొద్దు. మనిషి స్వభావంలో అకస్మాత్తుగా మార్పు వచ్చినా దిగులేలే అని సరిపెట్టుకోకండి, కొత్తగా ఏ మందు మొదలైందో ఓసారి చూడండి.

వచ్చేటప్పుడు సీసా వెంట తెచ్చుకోండి. అందులో ఒక్క చుక్క మిగిలినా పారేయకండి, సీసా కడగకండి. మందు వల్ల ఇబ్బంది వచ్చిందనిపిస్తే మీ డాక్టర్ ద్వారా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. మీరే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. మీ ఒక్క ఫిర్యాదు అదే బ్యాచ్ మందు వాడుతున్న ఇంకొకరిని కాపాడవచ్చు.

మందుల గురించి మా దగ్గర దాచకండి. ఒకవేళ మేం కోప్పడినా ఫర్వాలేదు, చెప్పండి. హోమియో, ఆయుర్వేదం, యునానీ, పెరటి కషాయం... ఏదైనా సరే. నేనూ ఇప్పుడు ప్రతి పేషెంట్‌నూ ‘ఇంకేం వాడుతున్నారు?’ అని కాకుండా, ‘చుక్కలు, పొడులు, కషాయాలు ఏమైనా ఉన్నాయా?’ అని అడుగుతున్నాను. మొదటి ప్రశ్నకు లేదని చెప్పినవాళ్లు చాలామంది రెండోదానికి సంచిలో చెయ్యి పెడుతున్నారు.

గౌలిపుర పెద్దాయన ఇప్పటికీ నెలనెలా వస్తారు. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకొచ్చి నా టేబుల్ మీద వరసగా పేరుస్తారు. పోయిన నెల పక్కింటావిడను కూడా వెంటబెట్టుకొచ్చారు. ‘ఈమె సంచి కూడ చూడుర్రి సార్’ అన్నారు.

ఆ సంచిలో క్యూ సీసాలు మూడున్నాయి.